ఇరవై ఆరు గురువారాలు

శనివారం పొద్దున కాఫీ గిన్నె పొయ్యి మీద గురగురమంటుంటే ఫియోరెంజో గడ్డం గీసుకుంటున్నాడు. ఆయన గడ్డం గీసుకునేది ఆదివారం, చర్చికి వెళ్ళే ముందు. ఎనభై రెండేళ్ళలో ఆ పద్ధతి తప్పింది రెండుసార్లే. ఒకటి పెళ్ళినాడు, రెండోది కూతురు లొరెట్టా పుట్టిననాడు.

నెరీనా గుమ్మంలో నిలబడి చూసింది. చేతినిండా పిండి.

"ఏమయ్యా, పెళ్ళిచూపులా?" అంది.

ఆయన రెండో చెంపకు నురగ రాసుకున్నాడు. రోజుకు ఇరవై మాటలు మాట్లాడితే ఆ ఇంట్లో అది పండగ.

"అవునులే. నా సవతిని అత్తారింటికి పంపుతున్నావు. నున్నగా ఉండాలి మరి."

సవతి అంటే కారు. షెడ్డులో ఉంది. ముదురాకుపచ్చ జూలియా సూపర్. పెళ్ళైన ఏడాదే కొన్నాడు. చూడ్డానికి నాలుగు తలుపుల ఇంటి బండి. పిల్లల్నీ కూరగాయల బుట్టల్నీ ఎక్కించుకుని బుద్ధిగా వెళ్ళేలా ఉంటుంది. లోపలి గుండె మాత్రం పందెం బండిది. వర్జీ ఊరి పైన పెనీచె కనుమ ఎక్కేటప్పుడు ఒక్కో మలుపులో అది గొంతు విప్పి పాడుతుంది. యాభై నాలుగేళ్ళుగా దాన్ని తోలుతూ వచ్చింది ఫియోరెంజో. పక్క సీట్లో కూర్చుంది నెరీనా ఒక్కతే.

ఇప్పుడు అమ్మకానికి పెట్టాడు.

సంగతి ఇదీ. మార్చిలో లైసెన్సు కోసం కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళాడు. డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. "గోడ కనబడుతోంది" అన్నాడు ఫియోరెంజో. నిజమే చెప్పాడు. ఎదురుగా చూస్తే మధ్యలో మసక. ఓరగా చూస్తే కాస్త తెలుస్తుంది. మనుషుల్నీ పేకముక్కల్నీ ఓరగా చూసి నెట్టుకొస్తున్నాడు. రోడ్డును ఓరగా చూస్తూ బండి తోలనివ్వరు. లైసెన్సు మీద ముద్ర పడలేదు.

ఇంటికొచ్చి కారు మీద పాత దుప్పట్లు కప్పాడు. షెడ్డుకు తాళం వేసి, తాళం చెవులు వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించాడు. మళ్ళీ ఆ షెడ్డు వైపు పోలేదు. నలభై ఏళ్ళు టింకరింగ్ మేస్త్రీగా బతికినవాడు. వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పేవాడు. నడవని బండి చచ్చిపోతుందని. రబ్బరు ఎండిపోతుంది, బ్రేకులు పట్టేస్తాయి, పెట్రోలు కుళ్ళుతుంది. తన బండి అలా చస్తుంటే చూడలేడు. నడిపేవాడి చేతిలో పెడితే బతుకుతుంది. ఆగస్టులో లొరెట్టాను పిలిచి ప్రకటన రాయమన్నాడు.

"జూలియా సూపర్. ముదురాకుపచ్చ. ఒకే ఇంట్లో ఉంది. దెబ్బ తగల్లేదు. డెబ్బై ఒక్క వేల మూడువందల నలభై కిలోమీటర్లు."

"ఇంకేమైనా రాయనా నాన్నా? ఒక మంచి మాట?"

"అవన్నీ మంచి మాటలే" అన్నాడు.

ఇవ్వాళ మిలాను నుంచి పళ్ళ డాక్టరు ఒకాయన చూడ్డానికి వస్తున్నాడు.

కాఫీ తాగి ఫియోరెంజో షెడ్డు తాళం తీశాడు. లోపలికి వెళ్ళడానికి గుండె చిక్కబట్టుకోవాల్సి వచ్చింది. ఆరు నెలలు నిలబడ్డ బండి. టైర్లు నేలకు అంటుకుపోయి ఉంటాయనుకున్నాడు. దుప్పటి లాగాడు. దుమ్ము లేవలేదు. వంగి టైరు నొక్కి చూశాడు. రాయిలా ఉంది. కుళ్ళిన పెట్రోలు వాసన కూడా లేదు. ఏదో తీపి వాసన, సోంపు వేసిన బిస్కెట్ల వాసన వచ్చినట్టనిపించింది.

చోక్ లాగి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది.

"చూశావా!" అన్నాడు. ఆ మాట అన్నది ఉగోతో. ఉగో పక్కింటివాడు, చిన్నప్పటి నేస్తం, కనుమ దారిలో ముప్పై ఏళ్ళు బస్సు తోలినవాడు. గొళ్ళెం చప్పుడు వినబడితే చాలు, కంచె దాటి వచ్చేస్తాడు.

"చూశాన్రా. నీ చేతి చలవ" అన్నాడు ఉగో, మీసం కింద నవ్వు దాచుకుంటూ.

"ఆరు నెలలు! ఒక్క తిప్పుకు!"

"మరి ఎవరి బండి?"

ఫియోరెంజో ఇంజను ఆపి, కాళ్ళు సర్దుకోబోయాడు. మోకాళ్ళు స్టీరింగ్‌కు కొట్టుకున్నాయి. ఆశ్చర్యపోయాడు.

"ముసలితనంలో కాళ్ళు పొడుగవుతాయంట్రా?"

"అవుతాయి. మా మేనమామవి అయ్యాయి" అన్నాడు ఉగో వెంటనే. "శవపెట్టెలో పట్టక పాదాలు పక్కకు తిప్పి పెట్టారు."

ఫియోరెంజో తల ఊపాడు. సీటు రెండు మెట్లు వెనక్కి జరిపాడు.

పదింటికి డాక్టరు బెల్లూని వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి. తెల్ల బూట్లు వేసుకొచ్చాడు, వాకిట్లో కోళ్ళున్నాయని ఎవరూ చెప్పలేదు పాపం. లొరెట్టా వాళ్ళమ్మ పక్కనే గుమ్మంలో నిలబడింది. నెరీనా పిండి చేతులు కడుక్కోలేదు, ఎప్రాన్‌కు తుడుచుకుంటూనే ఉంది, తుడుచుకుంటూనే ఉంది.

కారును చూడగానే డాక్టరు మొహం చిన్నపిల్లాడి మొహమైపోయింది.

"మేస్త్రీ గారూ! మా నాన్నకు ఉండేది ఇలాంటిది. వెనక సీట్లో నిలబడి ఆయన మెడ పట్టుకునేవాణ్ణి. ఇంత బాగున్నది ఎక్కడా చూడలేదండీ."

ఫియోరెంజోకు మనిషి నచ్చాడు. ఇతని చేతిలో బండి బతుకుతుంది. అలా అనుకోగానే మొహం తిప్పుకున్నాడు. కోళ్ళవైపు చూశాడు.

డాక్టరు జేబులోంచి అగ్గిపెట్టెంత యంత్రం తీశాడు. రంగు కింద రేకు ఎలా ఉందో అది చెబుతుందట. బానెట్ మీద పెట్టాడు, తలుపుల మీద పెట్టాడు, డిక్కీ మీద పెట్టాడు. యంత్రం నోరెత్తలేదు. వెనక కుడివైపు మడ్‌గార్డ్ దగ్గరికి వచ్చేసరికి కీచుమంది. డాక్టరు మళ్ళీ పెట్టాడు. మళ్ళీ కీచుమంది.

"ఇక్కడ రిపేరు చేసినట్టుందే. దెబ్బ తగల్లేదని రాశారు?"

యాభై నాలుగేళ్ళుగా ఆ మచ్చ ఎవరికీ దొరకలేదు. ఇన్‌స్పెక్టర్లకు దొరకలేదు, సాటి మేస్త్రీలకు దొరకలేదు. కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆనిస్తే ఆయనకొక్కడికే తెలుస్తుంది. లప్పం వాడకుండా, సుత్తితో, దిమ్మతో, వెంట్రుకవాసి చొప్పున కొట్టి తెచ్చిన రేకు అది.

"నేను కొట్టాను అక్కడ" అంది నెరీనా గుమ్మంలోంచి.

అందరూ అటు తిరిగారు.

"లైసెన్సు తీసుకున్న వారానికే. ఆ గేటు స్తంభానికి, వెనక్కి తీస్తూ." చేత్తో చూపించింది. వాకిలి చివర రాతి స్తంభం అలాగే నిలబడి ఉంది. "అమ్మేటప్పుడు దాచకూడదు డాక్టరు గారూ. మా ఆయనకు చెప్పడం చేతకాదు."

"అమ్మా, మీకు ఇంకా లైసెన్సుందా?" అన్నాడు డాక్టరు, మాట మార్చడానికన్నట్టు.

"ఉండేది" అన్నాడు ఫియోరెంజో. ఆయన ఆ పొద్దున డాక్టరుతో అన్న మొదటి మాట అదే.

నెరీనా పెదవి బిగించింది.

డాక్టరు మంచివాడు, పాత సొట్టను పట్టించుకోలేదు. తలుపు తీసి లోపల కూర్చున్నాడు. స్టీరింగ్ నిమిరాడు. ముందుకు వంగి, కళ్ళజోడు సర్దుకుని, మీటర్లలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మేస్త్రీ గారూ, ఎంత తిరిగిందని రాశారు?"

"డెబ్బై ఒకటి మూడువందల నలభై."

"ఇక్కడ డెబ్బై మూడు వేల నాలుగు ఉంది."

ఫియోరెంజో రెండు అడుగులు ముందుకు వేశాడు.

"నేను అబద్ధం రాయించను" అన్నాడు ఫియోరెంజో. మెడ ఎర్రబడింది. "లొరెట్టా! నా పుస్తకం తే."

లొరెట్టా తెచ్చింది. ఆయన నూనె మార్చిన ప్రతిసారీ, కనుమ దాటిన ప్రతిసారీ రీడింగ్ రాసుకున్న పుస్తకం. చివరి వరుస లొరెట్టా నెమ్మదిగా చదివింది. "మార్చి పదకొండు. డెబ్బై ఒకటి మూడువందల నలభై."

"విన్నారా?"

"విన్నానండీ. కానీ బండి ఇంకోటి చెబుతోంది." డాక్టరు ఇబ్బందిగా బయటికి దిగాడు. "దాదాపు పదిహేడు వందల కిలోమీటర్లు. ఎవరు తోలారో, ఎలా తోలారో తెలియకుండా నేనెలా తీసుకోను?"

ఫియోరెంజో కూతురివైపు తిరిగాడు. ఓరగా చూశాడు, అప్పుడే మనిషి కనబడుతుంది.

"నీ మొగుడా?"

"అయ్యో నాన్నా! ఆయన ద్రాక్షతోటలో ట్రాక్టరే తిన్నగా తోలలేడు."

"ఉగో! నువ్వా?"

"నేనా? గురువారాలు నీతో పేకాటలో ఉంటాగా" అని ఉగో నాలుక కరుచుకున్నాడు.

"గురువారాలని నేనన్నానా?"

ఉగో మీసం లాక్కున్నాడు. లొరెట్టా నేలవైపు చూసింది. అప్పుడు నెరీనా వాకిట్లోకి దిగింది. ఎప్రాన్ విప్పి మడిచి కూతురి చేతికిచ్చింది.

"నేనే" అంది. "ఇరవై ఆరు గురువారాలు. పోను ముప్పై రెండు, రాను ముప్పై రెండు. లెక్క సరిపోతుంది, చూసుకో."

"ఎక్కడికి?"

"ఇర్మా దగ్గరికి. ఇంకెక్కడికి పోతాను, మోంటెకార్లోకా?"

ఇర్మా ఆమె అక్క. కనుమకు అవతల బొబ్బియోలో ఒంటరిగా ఉంటుంది. ఫియోరెంజో నెలకోసారి నెరీనాను అక్కడికి తీసుకెళ్ళేవాడు. మార్చి తర్వాత ఆ దారి మూసుకుపోయిందని ఆయన అనుకున్నాడు. నెరీనా ఒక్కసారి కూడా అడగలేదు. ఎందుకు అడగలేదని ఆయనా అనుకోలేదు.

"కనుమ మీదుగానా? నువ్వా?"

"బాగా తోలుతుందిరా" అన్నాడు ఉగో. "పది రోజులు మా తోటలో, నా డొక్కు పాండా కారులో నేర్పించా. మలుపుకు ముందే గేరు దించుతుంది, నీలాగా కాదు. నువ్వు మలుపులో దించుతావు."

"అయితే మీకందరికీ తెలుసు."

"నువ్వు పేకాడే పియెరా బారులో అందరికీ తెలుసు" అంది నెరీనా. ఇక దాచి లాభం లేదనుకున్నట్టుంది. "ఐదింటికి నేను వచ్చేదాకా నిన్ను అక్కడ కూర్చోబెట్టాలిగా."

ఫియోరెంజో ఆలోచించాడు. ఆలోచన వచ్చేకొద్దీ మొహం మారింది. వసంతకాలం నుంచి గురువారాలు ఆయనే గెలుస్తున్నాడు. చూపు పోయినా పేక పోలేదని లోలోపల ఎంత పొంగిపోయాడో ఎవరికీ చెప్పలేదు.

"గెలిపించారా?"

"గెలిచేవాడు లేచిపోడు కదరా" అన్నాడు ఉగో చిన్నగా. "నువ్వు ఆడే ఆటకు నిన్ను గెలిపించడం తేలికనుకున్నావా? నేను రాజును దాచుకుని కూర్చుంటే, నువ్వేమో పనికిరాని ముక్కలు వేసేవాడివి. చెమటలు పట్టేవి."

డాక్టరు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఇంకెవరూ నవ్వలేదు. ఫియోరెంజో వెనక్కి తిరిగి షెడ్డులోకి వెళ్ళి, తన పాత పని బల్ల ముందు ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. వీపు అందరికీ చూపించి కూర్చున్నాడు.

ఆ వీపును నెరీనా ఎరుగును. యాభై నాలుగేళ్ళ కింద, కారు స్తంభానికి తగిలిన రోజు, అదే వీపు అదే బల్ల ముందు చూసింది. ఆయన అరవలేదు. తిట్టలేదు. మూడు రోజులు నోరు విప్పలేదు. రేకు కొట్టాడు, రంగు వేశాడు, మళ్ళీ ఏమీ జరగనట్టు భోజనానికి కూర్చున్నాడు. నాలుగోనాడు నెరీనా లైసెన్సును బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత పెట్టింది.

ఇప్పుడు ఆమె గుమ్మం దగ్గర ఆగలేదు. తిన్నగా ఆయన ముందుకు వెళ్ళి నిలబడింది.

"మాట్లాడు" అంది. "తిట్టు. సుత్తి విసురు. ఏదైనా చెయ్యి. మళ్ళీ మూగనోము పట్టావంటే ఈసారి ఊరుకోను ఫియోరెంజో. అప్పుడు ఇరవై మూడేళ్ళదాన్ని, భయపడ్డాను. ఇప్పుడు డెబ్బై ఏడు. నాకు టైము లేదు."

ఆయన తల ఎత్తాడు.

"నడవని బండి చచ్చిపోతుందని అన్నం తినేటప్పుడల్లా చెప్పేవాడివి. నువ్వేమో షెడ్డు వైపు చూడ్డం మానేశావు. ఎవరో ఒకరు నడపాలి కదా? నా సవతే, కానీ చావనివ్వలేకపోయాను."

"లైసెన్సు లేకుండానా?" ఆయనకు దొరికిన మాట అదొక్కటే.

"లేకుండానా! లొరెట్టా, ఆ డబ్బా తే."

లొరెట్టా పరుగెత్తి తెచ్చింది. రేకు డబ్బా, మూత తీస్తే సోంపు వాసన. అందులో లైసెన్సులు ఉన్నాయి. చీకిపోయిన పాత గులాబీరంగు కాగితం నుంచి, మొన్నటి కార్డు దాకా, రబ్బరు బ్యాండుతో కట్టి. ఫియోరెంజో చేతిలోకి తీసుకుని ఓరగా తిప్పి చూశాడు. అక్షరాలు నిలవలేదు. కూతురికిచ్చాడు.

"చదువు."

లొరెట్టా తేదీలు చదివింది. ముప్పై మూడో ఏట. నలభై మూడో ఏట. యాభై మూడు. తర్వాత ఐదేళ్ళకొకటి. డెబ్బై దాటాక మూడేళ్ళకే ఒకటి, అది కిందటేడాది. చదివేకొద్దీ లొరెట్టా గొంతు సన్నబడింది. ఇది ఆమెకూ కొత్తే.

"ఎనిమిది సార్లు నాన్నా. ఒక్కటీ తప్పలేదు."

"నువ్వు కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళినట్టే నేనూ వెళ్ళేదాన్ని. బజారుకని చెప్పి" అంది నెరీనా.

"తోలనిదానివి ఎందుకు?"

నెరీనా తన చేతులు చూసుకుంది. చేతులకింకా పిండి ఉంది. గోళ్ళతో గీరుకుంది.

"ఎప్పుడైనా అడుగుతావేమోనని" అంది. "నెరీనా, ఇవ్వాళ నువ్వు తోలు అంటావేమోనని. అప్పుడు నా దగ్గర లేదంటే ఎలా?"

ఫియోరెంజో పీట మీంచి లేచాడు. షెడ్డు గోడకు చెయ్యి ఆనించాడు. ఎదురుగా చూస్తే ఎప్పుడూ ఉండే మసకే. కానీ ఇప్పుడు ఓరగా చూసినా మసకే. చొక్కా చేతితో తుడుచుకున్నాడు.

వాకిట్లోకి వచ్చాడు.

"డాక్టరు గారూ. బండి అమ్మను."

"అర్థమైందండీ" అన్నాడు డాక్టరు. మొహంలో దిగులుంది, నవ్వూ ఉంది. "అది ఈ ఇంట్లోనే బతుకుతోంది. నేను తీసుకుంటే పాపం తగులుతుంది."

"భోంచేసి వెళ్ళండి. సలామీ ఉంది. లొరెట్టా పెడుతుంది."

"మరి మీరు?"

ఫియోరెంజో తాళం చెవులు జేబులోంచి తీసి నెరీనా వైపు చాపాడు.

"ఇవ్వాళ నువ్వు తోలు" అన్నాడు.

నెరీనా తాళం చెవుల వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "ఇవ్వాళ గురువారం కాదుగా" అంది.

"మీ అక్కకు ఫోన్ చెయ్యి. ఇద్దరం వస్తున్నామని చెప్పు."

ఇర్మా ఫోన్లో అరిచిన అరుపు వాకిట్లో అందరికీ వినబడింది. ఊలు అల్లే సూది మీద చుట్టి చేసే మకరోనీ ఆమె చేతిలో అమృతం. గంటలో నీళ్ళు మరుగుతాయి, ఆలస్యమైతే వాయిస్తానని చెప్పింది.

ఫియోరెంజో కుడివైపు, పక్క సీటు తలుపు తీశాడు. ఆ తలుపు ఆయన వెయ్యిసార్లు తీశాడు, నెరీనా ఎక్కడానికి. తను ఎక్కింది ఎప్పుడూ లేదు. కూర్చున్నాడు. ఇక్కణ్ణుంచి చూస్తే బండి వేరేలా ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తలుపు మీది పిడి దగ్గర రంగు అరిగిపోయి ఉంది, నాలుగు వేళ్ళ మేర. తను మలుపులు తిప్పినప్పుడల్లా ఆమె ఎక్కడ పట్టుకునేదో ఇన్నాళ్ళకు తెలిసింది.

నెరీనా సీటు రెండు మెట్లు ముందుకు జరుపుకుంది.

"నా కాళ్ళు పొడుగవలేదన్నమాట" అన్నాడు.

"ఏంటి?"

"ఏం లేదు. తియ్యి."

ఇరవై ఆరు గురువారాలు ఆ వాకిట్లోంచి గీత పడకుండా బండి తీసింది నెరీనా. అప్పుడు పక్కన ఎవరూ లేరు. ఇవ్వాళ పక్కన ఆయన, చుట్టూ డాక్టరు, ఉగో, కూతురు, కోళ్ళు. వెనక గేరు వేసింది. అద్దంలో చూసింది. స్టీరింగ్ ఒక వేలెడు ఎక్కువ తిప్పింది.

గర్రుమంది.

స్తంభం. అదే స్తంభం, అదే వైపు, అదే మడ్‌గార్డ్.

ఇంజను ఆగిపోయింది. నెరీనా రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచి కదలకుండా కూర్చుంది. వెనక్కి తిరిగి చూడలేదు, పక్కకూ చూడలేదు. లొరెట్టా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఉగో టోపీ తీశాడు, ఎవరో పోయినట్టు.

ఫియోరెంజో దిగాడు. నెమ్మదిగా వెనక్కి నడిచాడు. కళ్ళు మూసుకుని మడ్‌గార్డ్ మీద అరచెయ్యి ఆనించాడు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. చాలాసేపు.

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని లొరెట్టా ఒక అడుగు వేసింది. ఏడవడం లేదు. నవ్వుతున్నాడు. ఫియోరెంజో గట్టిగా నవ్వగా ఆమె ఎప్పుడూ వినలేదు. తలుపు గొళ్ళెం గీరినట్టుంది ఆ నవ్వు, వాడక తుప్పుపట్టి.

"గోటి మందం" అన్నాడు. "రేకు కదా. కొడితే సరవుతుంది."

నెరీనా కిటికీలోంచి తల బయటికి పెట్టింది. కళ్ళలో నీళ్ళు నిలిచాయి.

"ఆ ముక్క అప్పుడే అని ఉంటే ఏం పోయింది నీకు?"

ఫియోరెంజో స్తంభం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇక చెప్పక తప్పదు. మూడు రోజులు గొంతులో ఆగిపోయిన మాట, తర్వాత యాభై నాలుగేళ్ళు అక్కడే ఉండిపోయింది.

"తప్పు స్తంభానిది" అన్నాడు. "ఆ ఏడు వసంతంలో నేనే కట్టా. కొలత తప్పి ఒక జానెడు లోపలికి కట్టా. నాకు తెలుసు. నువ్వు కొట్టినప్పుడు సిగ్గేసింది. ఎలా చెప్పాలో తెలియలా." ఆగాడు. "నీ మీద కోపం లేదే. ఎప్పుడూ లేదు."

నెరీనా ముక్కు ఎగబీల్చింది. తర్వాత ఆమెకూ నవ్వు వచ్చింది, ఏడుపుతో కలిసి.

"జానెడా? అడుగుంటుంది, మొద్దు మేస్త్రీ!"

"జానెడే."

"నా దగ్గర యంత్రం ఉంది, కొలవమంటారా?" అన్నాడు డాక్టరు. ఉగో ఆయన వీపు మీద చరిచాడు. తెల్ల బూట్లకు అప్పటికే కోళ్ళ రెట్ట అంటింది, ఆయన చూసుకోలేదు.

"ఒరే ఉగో. మేం వచ్చేలోపు ఈ స్తంభం పడగొట్టు. గునపం షెడ్డులో ఉంది."

"నేనొక్కణ్ణేనా?"

"డాక్టరు గారున్నారుగా. పళ్ళు పీకే చేతులు."

ఒక్క పూటలో ఇన్ని మాటలు మాట్లాడి ఆయనకే ఆయాసం వచ్చింది. వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు. కుడివైపు సీట్లో. రంగు అరిగిన చోట, ఆమె వేళ్ళు పట్టిన చోటే, నాలుగు వేళ్ళూ పెట్టి పిడి పట్టుకున్నాడు.

నెరీనా తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే అందుకుంది.

"పోనియ్" అన్నాడు. "మకరోనీ చల్లారిపోతుంది."